చివరగా తెరిచిన తలుపు

అయినా చల్లారుతున్న టీకి ఎవరి ముఖమూ చూసి మాట్లాడాల్సిన అవసరం లేదు, మనం చూసినా చూడకపోయినా దాని పని అది చేసుకుపోతుంది, కప్పులో ముంచిన సెన్సార్ తీగ వెంట ఆ సంగతి బల్ల మీది పెట్టెకున్న చిన్న తెరకు చేరుతోంది, రక్తనిధి ఫ్రిజ్జు నుంచి విప్పి తెచ్చిన పెట్టె అది, యాభై, నలభై తొమ్మిది, సరేసరే గారు దాన్ని గుడ్లప్పగించి చూస్తున్నారు, ఆయన ఈ ఆసుపత్రిలో యంత్రాల విభాగానికి అధికారి, ఈ విచారణకు అధ్యక్షుడు, ఎవరేం చెప్పినా రెండుసార్లు సరే అంటారని నర్సులు పెట్టిన పేరు అది, ఎదురుగా నా మేనకోడలు, తమ్ముడి కూతురు, నా ఇంట్లో పెరిగి నా దగ్గరే సి భాష నేర్చుకొని రక్తనిధి ఫ్రిజ్జును నడిపే ప్రోగ్రాము రాసిన మనిషి, పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది, లెక్క తప్పిందని నాకన్నా ముందే తనకు తెలిసిన రోజుల్లోనూ ఇదే టిక్కుటిక్కు, నా ముందు సంతకానికి సిద్ధంగా నివేదిక, కారణం అన్నచోట ఒకే వాక్యం, అటెండరు నిర్లక్ష్యంగా ఫ్రిజ్జు తలుపు తెరిచి ఉంచినందువల్ల నిల్వ రక్తం పాడైనది, వాక్యనిర్మాణంలో వంక పెట్టడానికి ఏమీ లేదు, తలుపు తెరిచి ఉన్నమాట అబద్ధమూ కాదు, యంత్రమే ఆ మాట తెర మీద రాసి చూపింది, ఒక్క అబద్ధమైనా ఆడకుండా ఒక మనిషి నోటి దగ్గరి కూడు తీసేయవచ్చునన్నమాట, ఆ మనిషి బయట బెంచీ మీద కూర్చొని ఉంది, ఈ సంతకం పడితే ఆమెను ఇక ఏ ఆసుపత్రీ గడప తొక్కనివ్వదు.

బెంచీలు సర్దే అలవాటు నాకు కాన్వెంటులో ఉండేది, అందుకే గదిలోంచి ఎప్పుడూ నేనే ఆఖరున వచ్చేదాన్ని, మా స్కేలు సిస్టరు నియమం ప్రకారం ఆఖరున వచ్చిన పిల్లే గదికి జవాబుదారీ, సుద్దముక్కలు పోయినా, అద్దం పగిలినా నా అరచేతులే ముందుకు చాపాలి, ఒకనాడు సిరాబుడ్డి పటం మీద ఒలికింది, స్కేలు పైకి లేచింది, అటుగా వెళుతున్న పెద్ద మదరు గుమ్మంలో ఆగి, గొంతు పెంచకుండా ఒకే ప్రశ్న అడిగారు, అంతకుముందు ఏం జరిగింది, తలా ఒక ముక్క చెప్పారు పిల్లలు, ముక్కలన్నీ కూడితే కిటికీ రెక్క గాలికి కొట్టుకొని బుడ్డిని తోసిందని తేలింది, కిటికీకి గొళ్ళెం వేయనిది సిస్టరే, ఆమె స్కేలును బీరువాలో పెట్టి తాళం వేసింది, ఆ తాళం చప్పుడు నాకు ఇప్పటికీ ప్రార్థనగంటలా వినిపిస్తుంది, ఎదురుగా తెర, నలభై ఎనిమిది.

ఈ తెర వెనక నా లైబ్రరీ ఉంది, లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, ప్రోగ్రాములు రాసేవాళ్ళు ప్రతిసారీ మొదటినుంచీ మొదలుపెట్టకుండా వాడుకోవడానికి ఒకసారి రాసిపెట్టిన పనిముట్ల పెట్టె, సెన్సార్‌ను చదవడానికి ఒక ఫంక్షను, తలుపు మూసి ఉందో లేదో చూడడానికి ఒకటి, తెరిచి ఉంటే అది విఫలమైనట్టే లెక్క, సి భాషలో విఫలమైన ఫంక్షను గగ్గోలు పెట్టదు, పని కాలేదని ఒక గుర్తు చేతికిచ్చి తిరిగివస్తుంది, ఎందుకు కాలేదో తెలిపే నంబరును ఒకేఒక్క చోట ఉంచుతుంది, పిలిచినవాళ్ళు ఆ గుర్తును అప్పటికప్పుడు చూసుకోవాలి, చూడకుండా మరొకదాన్ని పిలిచి, అదీ విఫలమైతే, రెండో నంబరు వచ్చి మొదటి దాన్ని లేపేసి ఆ కుర్చీలో కూర్చుంటుంది, రెండు కుర్చీలుండవు, తరువాత వచ్చి అడిగేవాడికి కనిపించేది ఆఖరున కూర్చున్నదే, స్కేలు సిస్టరు నియమం యంత్రంలోకి ఏ దారిన వచ్చిందో తెలియదు కానీ వచ్చింది.

ఈ ఉదయం వంటగదిలో కాఫీ వడపోస్తూ మేనకోడలు అడిగింది, అత్తా, ఆ కమిటీలో నిన్నెందుకు వేశారో తెలుసా, తెలుసు, ఇంటి మనిషినని, మరి, మరి ఏముంది, ఇంటి మనిషినే, తప్పు ఎక్కడుందో నాకూ తెలుసత్తా, కానీ నీ ఫంక్షన్‌ని పిలిచిన ప్రతిసారీ పనైందా లేదా అని చూసుకుంటూ కూర్చుంటే ప్రోగ్రాము ఎప్పటికి తెమిలేది, అందరూ ఇలాగే రాస్తారు, అందరి ఫ్రిజ్జుల్లోనూ రక్తం ఉండదమ్మా, అబ్బ, నీతో మాట్లాడటం కన్నా రాసిందాంట్లో తప్పులు పట్టే ఆ కంపైలర్‌తో మాట్లాడటం నయం, అది నీ మాట వినదే, నువ్వు మాత్రం వింటావా, నవ్వు రాబోయి ఇద్దరికీ ఆగిపోయింది, కాఫీలో చక్కెర వేయడం మరిచింది, నేనూ అడగలేదు.

నలభై ఏడు దగ్గర పెట్టెలోంచి తీగ పీకాను, అయ్యయ్యో, పీకేశారేంటండీ మేడమ్ అన్నారు సరేసరే గారు, చూస్తూ ఉండండి, కూజాలోని చన్నీళ్ళు కప్పులో నిండుగా పోశాను, వేలు ముంచి చెప్పండి, ఆయన వేలు ముంచారు, చల్లగా ఉందండీ, తెర ఏమంటోంది, నలభై ఏడు అంటోందండీ, ఇంకా అంటూనే ఉందండీ, అవును, రేపు ఉదయం దాకా అంటూనే ఉంటుంది, నా ఫంక్షను ఖాళీ చేతులతో తిరిగివచ్చి ఆ మాట చెబుతోంది, ప్రోగ్రాము ఆ చేతులవైపు చూడడం లేదు, పాత ఉష్ణోగ్రతనే మళ్ళీ చూపిస్తోంది, రక్తం పాడైన రోజు ఆ పాత ఉష్ణోగ్రత నాలుగు, తీగ ఊడి లోపల వేడెక్కుతున్నా నాలుగు డిగ్రీలే ఉందని నమ్మి ప్రోగ్రాము కంప్రెసర్‌ను నడపలేదు, ఇప్పుడు, తలుపు మూసి ఉందని పెట్టెను నమ్మించడానికి ఇంతసేపూ నొక్కి ఉంచిన బొత్తాం మీది వేలు తీస్తున్నాను, తీశాను, పెట్టె కుయ్యిమంది, తెర మీద అక్షరాలు, తలుపు తెరిచి ఉంది, సెన్సార్ సంగతి ఎక్కడైనా కనిపిస్తోందా, లేదండీ, పెన్ను మూత చప్పుడు ఆగింది.

గదిలోకి వచ్చేముందు బెంచీ దగ్గర నిలబడ్డాను, అటెండరు లేవబోతే వద్దన్నాను, వార్డుకని ఒక ప్యాకెట్టు తీశానమ్మా, పట్టుకుంటే చల్లగా లేదు, తెర చూస్తే నాలుగే ఉంది, నా చెయ్యే మొద్దుబారిందేమో అనుకున్నా, సారుకి ఫోన్ చేశా, సరే సరే చూద్దాం అని పెట్టేశారు, కింది అరల్లోవి ఇంకా చల్లగానే ఉన్నాయి, అవైనా దక్కుతాయని పక్క వార్డు ఫ్రిజ్జులోకి మోసుకెళ్ళా, రెండు చేతులా ప్యాకెట్లే, తలుపు ఏ చేత్తో వెయ్యనమ్మా, అప్పుడు మొదలెట్టింది అది కుయ్యో మొర్రో అని, ఇదంతా లోపల చెప్పావా, పిలిస్తే కదమ్మా చెప్పడానికి.

ఫోను సంగతి ఆయన దగ్గర ఎత్తాను, ఫోన్లు బోలెడు వస్తాయండీ, ఆ రోజు రక్తనిధి నుంచి వచ్చిందా, వచ్చే ఉంటుంది, మీరేమన్నారు, ఏమంటానండీ, సరే సరే అని, అన్నాక తన మాట తన చెవినే పడినట్టు నోరు అలాగే ఉండిపోయింది, తరువాత వేలికంటిన నీటిని రుమాలుతో శ్రద్ధగా తుడుచుకుంటూ, అది కాదు మేడమ్, మీ అమ్మాయి కూడా ఇందులో ఇరుక్కుంటుంది, చిన్నపిల్ల, ముందు ముందు ఎంతో భవిష్యత్తు ఉంది, ఆలోచించండి, ఆలోచిస్తున్నాను, నా ఒళ్ళో కూర్చొని అక్షరాలు దిద్దిన పిల్ల, జడ వేస్తుంటే తల కదిపినందుకు నా చేత మొట్టికాయ తిన్న పిల్ల, నేను ఆమె వైపు తిరిగి, మదరు గొంతు నాకెన్నడూ పట్టుబడలేదు కాబట్టి నా మామూలు గొంతుతోనే, అంతకుముందు ఏం జరిగింది అని అడిగాను, ఆమె సరేసరే గారిని చూడలేదు, నన్నూ చూడలేదు, కప్పులో ఎవరూ తాగని ఆ నీళ్ళ టీని చూస్తూ, సెన్సార్ ఊడింది అంది, ఫంక్షన్ చెప్పింది, నేను చూడలేదు, ఆ తరవాతే తలుపు, పెన్నును మూత పెట్టకుండానే నావైపు జరిపింది.

నివేదికలోని వాక్యాన్ని కొట్టివేయలేదు, నిజాన్ని కొట్టివేసే అధికారం నాకు లేదు, దానికి ముందు ఉండవలసినవి వేరే కాగితం మీద వరుసగా రాశాను, ఊడిన తీగ, చెప్పిన ఫంక్షను, చూడని ప్రోగ్రాము, నా మేనకోడలి పేరుతో సహా, వచ్చిన ఫోను, సరే సరే, అధ్యక్షుల హోదాతో సహా, అన్నిటికన్నా ఆఖరున తలుపు, అటెండరును లోపలికి పిలవండి అన్నాను, నా మేనకోడలే లేచి వెళ్ళి పిలిచింది, అటెండరు గుమ్మంలో నిలబడి చెప్పులు విడవాలా వద్దా అని తడబడుతోంటే, ముందు ఆ తలుపు వెయ్యమ్మా అన్నారు సరేసరే గారు, అలవాటైన విసుగుతో, ఉండనివ్వండి అన్నాను, ఆమె బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది, వెనక తలుపు బార్లా తెరిచే ఉంది, దానిలోంచి నడవా, ఖాళీ అయిన బెంచీ, ఆ రోజు నా ఫంక్షను చెప్పింది, ఫోను చెప్పింది, ఎవరూ వినలేదు, చల్లదనం తగ్గిన ప్యాకెట్టు ఈమె చేతికి చెప్పింది, చెప్పినదాన్ని విని ఎవరైనా ఒకరు ఏదైనా చేశారనడానికి ఈ భవనం మొత్తంలో మిగిలిన గుర్తు ఒక్కటే, యంత్రం తప్పు కింద లెక్కకట్టిన ఆ తెరిచిన తలుపు.