మరకల డాక్టరు చెప్పిన అబద్ధం

ఆయనకు ఒక డ్రైక్లీనింగ్ దుకాణం ఉంది. పట్టుబట్ట మీద సిరా పడ్డా, ఉన్నికోటు మీద నూనె ఒలికినా ఆయన దగ్గరికే తెచ్చేవారు. వీధివాళ్లు ఆయన్ని మరకల డాక్టరు అని పిలిచేవారు. మొదట్లో అది వేళాకోళమే. రానురాను ఆయనకే ఆ పేరు మీద మోజు పెరిగి, ఎవరైనా మామూలుగా పిలిస్తే మొహం చిన్నబుచ్చుకునేదాకా వచ్చింది.

ఒక ఆదివారం బావమరిది, అంటే ఆయన భార్యకు తమ్ముడు, చంకలో అట్టపెట్టెతో వచ్చాడు. అతనికి నాలుగేళ్ల కిందట చూపు పోయింది. ఒక ఆసుపత్రిలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేస్తున్నాడు. పెట్టెలో ఉన్నది అతని చిన్నప్పటి వీడియో గేమ్.

"ఇది ఇంకా పనిచేస్తోంది బావా. చప్పుళ్లన్నీ గుర్తున్నాయి కాబట్టి మొదటి రెండు ఆటలూ చూడకుండానే ఆడేస్తాను. కానీ పట్టుకుంటే చేతులకి ఒకటే జిడ్డు. పైపైన కాస్త తుడిచిపెట్టు, చాలు."

"తుడవడమేంట్రా! కొత్తదాన్ని చేసిస్తా."

"కొత్తదెందుకు? జిడ్డు పోతే చాలు."

మర్నాడు మధ్యాహ్నం దుకాణం వెనకగదిలో డాక్టరు పని మొదలుపెట్టాడు. మెత్తటి బ్రష్షుతో గాలి రంధ్రాల్లో దుమ్ము దులిపాడు. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు సబ్బు వేసి, గుడ్డ ముంచి గట్టిగా పిండి, వైర్లు తగిలించే చోట తడి తగలకుండా దాని ఒళ్లంతా తుడిచాడు. పుల్లకి దూది చుట్టి మీటల సందుల్లో తిప్పితే నల్లటి మడ్డి వచ్చింది. గంటన్నరలో జిడ్డంతా వదిలింది. అక్కడితో చేతులు కడుక్కుని ఉంటే బాగుండేది.

జిడ్డు పోయేసరికి పసుపు బయటపడింది. ఒకప్పటి తెల్లటి ప్లాస్టిక్ గారపట్టిన పళ్లలా ఉంది. అలా వదిలేయడానికి డాక్టరుకు మనసొప్పలేదు. పక్కనే ఉన్న సెలూనుకు వెళ్లి, జుట్టు రంగు వెలిసేలా చేసే క్రీము అడిగాడు.

"ఎవరికి, నీకా?" అన్నాడు సెలూనాయన. "వెలిసిపోవడానికి నీ నెత్తిన ఏం మిగిలిందని?"

డాక్టరు నవ్వుతూ డబ్బా తెచ్చుకున్నాడు. క్రీము దట్టంగా పట్టించి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, మేడ మీద ఎండలో పెట్టాడు. ఇంతలో ఎవరో కర్టెన్ల మూట తెచ్చారు. ఆ పనిలో పడి దీని సంగతే మరిచిపోయాడు. సాయంత్రం కాగితం విప్పి చూశాడు. క్రీము నిలిచిన చోట తెలుపు, ఎండిపోయిన చోట పసుపు, కాగితం ముడతలు పడ్డచోటల్లా వంకర చారలు. కడిగాడు, రుద్దాడు, మళ్లీ కడిగాడు. మరకైతే తీయగలడు. ఇది మరక కాదు, రంగే వెలిసిపోయింది.

భార్య చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఇదేంటండీ?"

"వాడికి చెప్పకు."

"చెప్పకపోతే? కనిపించదనా?"

ఆయన దాన్ని అట్టపెట్టెలో పెట్టి మూత వేశాడు. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

బావమరిది వచ్చినప్పుడు దాన్ని రెండు అరచేతులతో నిమిరి చూసుకున్నాడు. "భలే నున్నగా వచ్చింది బావా! రంగెలా ఉంది?"

"పాలలా ఉంది," అన్నాడు డాక్టరు. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు.

"కొన్న రోజున అచ్చం అలాగే ఉండేది," అంటూ బావమరిది మురిసిపోయాడు.

రెండు వారాల తరవాత అతను బావనూ అక్కనూ ఇంటికి పిలిచాడు. తనతో పనిచేసే అంబులెన్సు డ్రైవరునూ, మందులిచ్చే అమ్మాయినీ కూడా పిలిచాడు. అందరూ కూర్చున్నాక వీడియో గేమ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మా బావ చేతి చలవ ఇది. పాలలా లేదూ?"

డ్రైవరు వంగి చూశాడు. తలెత్తి డాక్టరు వైపు చూశాడు. ఆ అమ్మాయి కాసేపాగి, "శుభ్రంగా ఉందండీ," అంది.

"శుభ్రం సరే, తెల్లగా ఉందా?"

"ఆఁ... తెల్లగానే."

డాక్టరు చెప్పిన అబద్ధాన్ని ముక్కూమొహం తెలియని పిల్ల మోయవలసి వచ్చింది. ఆయన మంచినీళ్ల గ్లాసు అందుకుని, తాగకుండానే పట్టుకు కూర్చున్నాడు. బావమరిది ఆట ఆడాడు, అందరూ చప్పట్లు కొట్టారు. కానీ అతని మొహంలో మునుపటి హుషారు లేదు.

వచ్చినవాళ్లు వెళ్లారు. డాక్టరు కూడా చెప్పులు వేసుకున్నాడు. భార్య అప్పటికే మెట్లు దిగుతోంది. ఆయన రెండు మెట్లు దిగి ఆగి, చెప్పులు విడిచి మళ్లీ లోపలికి వచ్చాడు.

"ఒరే, అది పాలలా లేదు. పాడుచేశాను. అంతా చారలు. నీకు అబద్ధం చెప్పాను."

బావమరిది గొంతు వచ్చిన వైపు తిరిగాడు. "అక్కకి తెలుసా?"

"తెలుసు. నేనే చెప్పొద్దన్నా."

"అంటే ఇందాక నా ఇంట్లో, నా ఎదురుగా, తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే." గొంతు పెంచలేదు. "ప్లాస్టిక్ పోతే పోయింది, దానికేం. రంగు అడిగితే మీరు ఏది చెబితే అదే నాకు చూపు. రేపు చొక్కా తెల్లగా ఉందని అక్క చెబితే నమ్మాలా, వద్దా? చెప్పండి."

అతను ఎన్నడూ బావను మీరు అనలేదు. డాక్టరు తల వంచుకున్నాడు. ఆ వంచిన తల ఎదుటివాడికి కనిపించదని గుర్తొచ్చి మరింత కుంచించుకుపోయాడు. "తప్పైపోయింది," అన్నాడు. అది కూడా సరిగ్గా వినిపించలేదు.

బావమరిది వీడియో గేమ్‌ను ఆయన ముందుకు జరిపి, చూపుడువేలు చాచాడు. "ఎక్కడ ఏ రంగుందో చూపించండి. ఏదీ వదలొద్దు."

డాక్టరు ఆ వేలు పట్టుకుని మెల్లగా నడిపించాడు. "ఇక్కడ తెలుపు. ఇక్కడిదాకా. ఇక్కణ్ణుంచి పసుపు. ఇదిగో, ఇలా వంకరగా ఒక చార."

"వెడల్పెంత?"

"చిటికెనవేలంత."

"తరవాత?"

అరగంట పట్టింది. మెట్ల మీద నిలబడ్డ భార్య పిలవలేదు. చివరికి బావమరిది, "అడుగువైపో?" అన్నాడు.

డాక్టరు తిప్పి చూశాడు. "అక్కడ నేనేం చెయ్యలేదు. పాత పసుపే."

"దాన్నలాగే ఉండనివ్వండి."

తరవాత కూడా అతను వస్తూనే ఉన్నాడు, మాట్లాడుతూనే ఉన్నాడు. కానీ ఆ మీరు మళ్లీ నువ్వు కావడానికి చాలా నెలలు పట్టింది.