లోపల వదిలిన గుడ్డ

తెల్లవారగానే ఆమె కళ్లు తెరవకుండా మనసులోనే ఒళ్లంతా ఓసారి తడుముకుంటుంది. మెడ ఉంది. భుజాలున్నాయి. మోకాళ్ల దగ్గర ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టుంది. కిటికీ తెర వెనక వెలుగు పాలలా కదులుతుంది. ఆ వెలుగులో తన ఒళ్లు, ఎవరో కత్తిరించి కుట్టడం మరిచిపోయిన గుడ్డలా తేలిపోతుంటుంది.

వంటింట్లోంచి భర్త అడుగుతాడు.

"ఇవాళ ఏ గుడ్డ?"

"నూలు."

ఆ ఇంట్లో అంతకు మించి వివరం అక్కర్లేదు. పట్టు అంటే బాగున్న రోజు. నూలు అంటే ఓ మోస్తరు. గోనె అంటే పలకరించొద్దని. ఈ ఒళ్లునొప్పుల జబ్బుకి డాక్టరు చెప్పిన ఫైబ్రోమయాల్జియా అన్న పేరుకు నోరు తిరగలేదు. నొప్పి ఎక్కడని అడిగితే రోజుకో చోటు చూపించడమూ విసుగే. దర్జీ మనిషి కనుక ఈ పేర్లు పెట్టుకుంది.

నొప్పికంటే ఆమెను తొలిచేస్తున్నది కుట్టుమిషను సంగతి. పోయినసారి అక్క వచ్చేసరికి ఈమె మంచం మీద ఉంది. పట్టు రోజు దొరికింది కదా అని పొద్దుటినుంచి దీపాలు పెట్టేదాకా కుట్టి, ఆ వారమంతా గోనెలో పడుకుంది. ఎప్పుడూ అదే వరస. అక్క మంచం అంచున కూర్చుని తేల్చేసింది.

"నాకో కోటు కుట్టు. మళ్లీ నేనొచ్చేసరికి నువ్విలా మంచమెక్కి ఉంటే మాత్రం మిషను మా ఇంటికి పట్టుకుపోతా. నిన్నది మింగేస్తోందే."

అక్క అన్నదంటే అన్నంత పనీ చేస్తుంది. చిన్నప్పుడు ఈమెకు ఆయాసం వస్తోందని పిల్లికూనను అలాగే తీసుకుపోయి ఎవరికో ఇచ్చేసింది. మిషను చప్పుడు లేని ఇంటిని ఆమె ఊహించుకోలేకపోయింది.

కోటు కత్తిరిస్తూ, అలవాటు కొద్దీ గీతకు అవతల రెండు వేళ్ల గుడ్డ వదిలింది. రేపు మనిషి ఒళ్లు చేస్తే విప్పి వదులు చేయడానికి. కత్తెర అక్కడే ఆగిపోయింది. అందరి ఒళ్లకీ చోటు వదిలిన తను, తన రోజుకి ఎన్నడూ వదల్లేదు. అంచుదాకా కుట్టేసేది.

ఆ మర్నాటినుంచి పొద్దున్నే చేతులు గోరువెచ్చని నీళ్లలో పెట్టి, వేళ్లు వాటంతటవే విచ్చుకునేదాకా కూర్చునేది. బరువు కత్తెర పెట్టెలో పడేసి తేలికది తీసింది. నడుం వెనక దిండు పెట్టుకుంది. ఓ పక్క కుట్టయితే లేచి, వీధి చివరిదాకా నిదానంగా నడిచి వచ్చేది. గోనె రోజున మంచం మీదే వేళ్లు ముడిచి విప్పేది. పడుకునే వేళ తప్పించలేదు. వీటన్నిటికన్నా కష్టం, పట్టు రోజున ఆగడం.

అక్క రేపు వస్తుందనగా అచ్చం పట్టులాంటి రోజు దొరికింది. కోటుకు ఒక చెయ్యి అతికింది. మిషను చప్పుడు వానలా కురుస్తోంది, ఆ వానలో ఆమె ఎటో తేలిపోతోంది. రెండో చెయ్యి ఒళ్లో ఉంది. ఇంకెంత, ఇంత. అంతలో భుజం లోపల ఎవరో సన్నగా దారం లాగారు. ఇస్త్రీ చేస్తున్న ఆయన పెట్టె ఆపి చూశాడు. ఆమె దారం తెంపి మిషను మీద ముసుగు కప్పేసింది.

మర్నాడు అక్కకి తలుపు తీసింది ఆమే. అక్క ముందు మంచం వైపు చూసింది. దుప్పటి మడిచి ఉంది. ఆ తర్వాత కొక్కేనికి వేలాడుతున్న కోటును చూసింది.

"ఒంటిచేతి కోటా? రెండోది మా మరిది మింగాడా ఏం?"

"రేపు కుడతానక్కా."

"నిన్న ఒంట్లో బాలేదా?"

"నిన్న బ్రహ్మాండంగా ఉంది. అందుకే ఆపేశా."

అక్కకి అర్థం కాలేదు. కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి, అంచు తిప్పి చూసింది. ఇంత గుడ్డ లోపల దండగ చేశావేమే అంది.

"దండగ కాదు. ఇవాళ లేచి నీకు తలుపు తీసింది, నిన్న నాకోసం అలా వదిలిన గుడ్డతోనే."

అక్క అద్దంలోంచే మడిచిన దుప్పటిని మరోసారి చూసింది. మిషను మాట ఎత్తలేదు. ఆ ఒంటిచేతి కోటుతోనే కుర్చీలో కూలబడింది.

"అయితే రేపటిదాకా ఉంటా. పక్కెక్కడ వేస్తావ్?"

"మంచం ఖాళీగానే ఉందిగా," అంది ఆమె.