గడప మీద సర్ది

బామ్ని ఊళ్లో వానలు మొదలైతే రోగాలు మనుషుల్లా తడుచుకుంటూ ఇళ్లకొస్తాయి. సుజాత పొద్దున్నే వాకిలి ఊడ్చుకుంటూ గడప దాకా వచ్చింది. అక్కడ బక్కపలచని ముసలాయన ముక్కు తుడుచుకుంటూ కూర్చుని ఉన్నాడు. రెండు రోజులుగా అక్కడే ఉంటున్నాడు. చీపురు తగలకుండా మర్యాదగా కాళ్లు పైకెత్తాడు.

లోపల అత్త సారక్క మూలిగింది. "నాకు ఫ్లూ అచ్చింది బిడ్డా. నన్నిడిచి ఎట్ల పోతవ్?"

సుజాతకు అహేరిలో నర్సు ట్రైనింగు సీటొచ్చింది. ఇవాళ సాయంత్రంలోగా చేరకపోతే సీటు పోతుంది, వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఇప్పటికే రెండేళ్లు ఇలాగే పోయాయి. ఆ ఇంట్లో ఆమెకు ఊపిరాడడం లేదు. అత్త మీద ప్రేమ లేక కాదు, ఉండబట్టే కదలలేకపోతోంది.

"ఇది ఫ్లూ కాదత్తా. ఫ్లూ ముందటేడు అచ్చిండు, యాదికి లేదా? నిలువెత్తు మనిషి, తలుపు తన్నుకుంట అచ్చిండు. పొద్దుగాల మంచిగున్నదానివి, పొద్దుగూకేసరికి జరంతోని మంచం పట్టినవ్. ఒళ్లంత ఒకటే నొప్పులు. నిరుడు కడుపురోగం పెరటి తలుపు నుంచి అచ్చి నీళ్లబిందె కాడ కూసున్నది. వాంతులు, మోషన్లు. రెండుసార్లు నేనే ఆగిన. ఈయన ముందుగాల గొంతుల గరగర పెట్టి, మెల్లగ అచ్చిండు. నీకు జరం లేదు. ఇప్పుడే మూడు రొట్టెలు తిన్నవ్."

"నేను ఒట్టి సర్దినే," అన్నాడు ఆ జలుబు ముసలాయన సిగ్గుపడుతూ. "వారం దినాలల్ల నేనే పోత."

రొట్టెల మాట రాగానే సారక్క మూలుగు ఆగింది. సుజాత తన భర్త భీమ్‌రావు వైపు తిరిగి, "ఆయాసం గిట్ట అస్తే దవాఖానకు తోల్కపోవాలె," అని చెప్పి బ్యాగు ఎత్తుకుంది.

ముసలాయన తుమ్మాడు.

"ఆగు!" అన్నారు తల్లీకొడుకులు ఒక్కసారే. బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే కూర్చుని, నీళ్లు తాగి లేవాలి. ఆ ఇంట్లో దానికి తిరుగు లేదు. సుజాత కూర్చుంది, తాగింది, లేచింది. మళ్లీ తుమ్ము. అయిదు గ్లాసులయ్యాయి. సారక్క ఆరోది ముంచి తయారుగా పట్టుకుంది. రోడ్డు మీద బస్సు హారన్ మోగింది.

సుజాతకు ఏడుపొచ్చింది. "తాతా, నీకు దండం పెడ్త. జర నన్ను పోనియ్."

పొమ్మని తిట్టినవాళ్లే తప్ప ముసలాయనకు ఇంతవరకు దండం పెట్టినవాళ్లు లేరు. గడప మీద ఓ పక్కకు జరిగి, రెండు చేతులతో ముక్కు అదిమి పట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది, భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. సుజాత గడప దాటింది. సారక్క తుమ్ము కోసం చెవులు రిక్కించింది. ఏమీ వినపడలేదు. ఇక ఆపడానికి సాకు దొరకలేదు.

"పైలంగ పో బిడ్డా," అంది చివరికి, గ్లాసులో నీళ్లు తనే తాగేసి.

బస్సు ఊరి మలుపు తిరిగి, దాని చప్పుడు పూర్తిగా పోయేదాకా ముసలాయన ముక్కు వదల్లేదు.