ఒక్కపొద్దున్న నీడ

తెల్లారకముందే హులిగమ్మ జొన్నరొట్టెలు కాల్చుకుంటుంది. ఒకటి తిని, షుగర్ మాత్ర మింగి, మిగతావి గుడ్డలో కట్టుకుని ఎమ్మిగనూరు దోవలోని పత్తిచేలకు కలుపు తీయడానికి ఆటో ఎక్కుతుంది. ఆమె వెంట ఆమె నీడ. దానికి కొంచెం పెద్దరికం ఎక్కువ. షుగర్ పెరిగిన పొద్దు ఆమెను వదిలేసి నీళ్ల బిందె దగ్గర నిలబడుతుంది. తగ్గితే ఉన్నచోటే చతికిలబడుతుంది.

"అక్కా, నీ నీడ కూకున్యాది, నువ్వూ కూకో" అంటుంది పక్క సాలులోని పుష్ప. హులిగమ్మ కూర్చుని రొట్టె తుంచుకుంటుంది. పుష్ప తన కలుపు తాను తీసుకుంటుంది.

శ్రావణం వచ్చాక చిక్కు మొదలైంది. కూతురు భారతి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అంతకు ముందొక కడుపు నిలవలేదు. అందుకే హులిగమ్మ ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుని, సోమవారాలు ఒక్కపొద్దు పట్టింది. దీపం పెట్టేదాకా మెతుకు ముట్టదు. మాత్ర మాత్రం మింగుతుంది. మందు మింగితే ఒక్కపొద్దు చెడదని ఆమె లెక్క, ఊరందరి లెక్కా అదే.

మొదటి సోమవారం నీడ చేలో కూలబడింది. హులిగమ్మ చూసీ చూడనట్టు కలుపు తీస్తూ పోయింది. రెండో సోమవారం నీడతోపాటు తానూ పడింది. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. కళ్లు తెరిచే ఉన్నా పిలిస్తే పలకలేదు. పుష్ప ఆమెను ఒళ్లో పెట్టుకుని చక్కెర నీళ్లు కొంచెం కొంచెంగా తాగించింది.

ఊరి నర్సు మల్లేశ్వరి తిట్టలేదు. "పెద్దమ్మా, తక్కిన దినాలు బాగుండి సోమవారమే యాల పడతాండావు? ఆ పొద్దు ఏం మారతాందో నువ్వే ఆలోచన సెయ్యి."

హులిగమ్మ ఆలోచించింది. అదే చేను, అదే ఎండ, అదే మాత్ర.

"రొట్టె లేదు" అంది చివరికి. "అయితే సోమవారం మాత్ర ఇడుస్తా."

"నీ అంతట నువ్వు ఇడిస్తే షుగర్ పైకి పోతాది. ఆదోని డాక్టరును అడిగినాక సూద్దాం. అంతవరకు మాత్ర మింగితే తినాల్సిందే. మళ్లా పడితే లేస్తావని నేను సెప్పలేను."

తింటే మొక్కు చెడుతుంది, తినకపోతే తాను మిగలదు. మనవడో మనవరాలో వచ్చేసరికి ఎత్తుకోవడానికి తానుండాలని హులిగమ్మకు గట్టి ఆశ. ఆదోని పోవడం కుదరకముందే మూడో సోమవారం వచ్చిపడింది. ఆ పొద్దున ఆమె రొట్టె తినలేకపోయింది, అందుకని మాత్రా మింగలేదు. రెండూ కట్టుకుని చేనుకు పోయింది. ఎండెక్కేసరికి నీడ నీళ్ల బిందె దగ్గర నిలబడింది.

హులిగమ్మ గట్టు మీద కూర్చుని మాత్ర మింగి, మూట విప్పింది. "స్వామీ, తప్పు నాది, బిడ్డది కాదు" అనుకుని రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. కళ్లనీళ్లు కారుతుంటే నమిలింది.

నీడ తిరిగొచ్చి ఎదురుగా కూర్చుంది. హులిగమ్మ చెయ్యి నోటికి పోతోంది, నీడ చేతులు మాత్రం ఒళ్లోంచి కదలలేదు. పుష్ప కొడవలి ఆపి చూసింది.

"నువ్వు తినక్కా" అంది. "ఒక్కపొద్దు అది ఉంది గదా."

ఆ రోజు హులిగమ్మ సాలు చివరిదాకా తీసింది. నీడ మాత్రం కొంచెం నీరసంగా వెనకాల నడిచింది.

ఇంటికొచ్చి స్నానం చేసి, ఈరన్న పటం ముందు దీపం పెట్టింది. తల్లీకూతుళ్లు కంచాల ముందు కూర్చున్నారు. భారతి ఉన్నట్టుండి పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"మా, గట్టిగా తంతాంది. తెల్లారినకాడ్నుంచి ఇంత తన్నలేదు" అని నవ్వింది.

హులిగమ్మ చేతులు ఇంకా ఒళ్లోనే ఉన్నాయి. గోడ మీద నీడ వంగి, ఆబగా, ముద్ద మీద ముద్ద పెట్టుకుంటోంది. పాపం, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. హులిగమ్మ దీపాన్ని దానికి కొంచెం దగ్గరగా జరిపింది.

"మెల్లగ తిను తల్లీ" అంది.