ఉప్పు పట్టిన వత్తి

కాల్చుకోనీ, నాకేం, అనుకుంటూనే కాగితం మీద పసుపు అని రాసి కింద సంతకం గీకాను, గీకడమే, ఈ గాలికి కాగితం కూడా ఎండుటాకులా గరగరమంటోంది, అయినా గాలిలో తేమ ఉందనే చెబుతున్నాయి నా థర్మామీటర్లు, ఉంటే ఉండనీ, రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య అమ్మ ముందూ వదిన ముందూ ఎంగిలి చెయ్యి నా ముఖం మీదికి ఊపుతూ, రేపు గనక నువ్వు ఎరుపు పెట్టావో, అది వాతావరణం కాదు, నా మీద కక్ష, అన్నాడు కదా, అందుకని ఇదిగో పసుపు, నీ గడ్డి, నీ అగ్గిపెట్టె, నీ పొగరు, తీసుకో, ఏ రోజు ఏ రంగో ఊరికి చెప్పేది నేనే మరి, మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటి మనిషిని, వాతావరణ కేంద్రంలో జూనియర్ పరిశీలకురాలిని, పొద్దున్నే కేంద్రం పెరట్లోని తెల్ల చెక్కపెట్టె తెరిచి రెండు థర్మామీటర్లు చూస్తాను, ఒకటి పొడిది, ఒకటి తడి వత్తి చుట్టినది, గాలి ఎంత పొడిగా ఉంటే తడిది అంతగా చల్లబడుతుంది, రెంటికీ మధ్య ఎడం పెరిగితే ప్రమాదం, తగ్గితే నిమ్మళం, ఆ లెక్క కట్టి, కూడలి దాకా నడిచి, కార్చిచ్చు ప్రమాదం అని రాసున్న పెద్ద బోర్డు మీద ఇనుప ముల్లును నా చేత్తో తిప్పుతాను, పసుపైతే ఎవరి గడ్డి వాళ్లు కాల్చుకోవచ్చు, ఎరుపైతే ఆరుబయట అగ్గిపుల్ల గీయకూడదు, పొగ కనిపిస్తే ఫైరింజన్ వాళ్లొచ్చి ఆ మనిషి దుకాణానికి తాళం వేసిపోతారు, దీనికోసమా అంత చదువు, గడియారం ముల్లు తిప్పినట్టు తిప్పి రావడానికా, అంటుంది వదిన, నవ్వుతూనే అంటుంది, నవ్వుతూ అనేవే లోపలికంటా దిగుతాయి.

గడప దాటకముందే లోపలి గదిలోంచి పసుపు సారు గొంతు, ఏం రంగు అమ్మాయ్, అని, మా పెద్దాఫీసరుకి ఆ పేరు పెట్టింది నేను కాదు, నేను చేరేటప్పటికే ఉంది, వానొచ్చినా వడగాలొచ్చినా ఆయన చేతికి పసుపు తప్ప తగలదు, పసుపే సార్ అన్నాను, చూశావా, అన్నాడు కుర్చీ వెనక్కి వాలుస్తూ, పసుపు పెడితే జనం జాగ్రత్తగానూ ఉంటారు, హాయిగానూ ఉంటారు, ఎరుపు పెడితే టూరిస్టులు రారని లాడ్జీల వాళ్లొచ్చి నా నెత్తి మీద కూర్చుంటారు, నేను సెలవులో ఉన్నప్పుడు నువ్వు పెట్టిన ఆ రెండు ఎరుపులకి ఏం కాలింది అమ్మాయ్, నా పరువు తప్ప, అని తన మాటకి తనే నవ్వుకున్నాడు, నేనూ నవ్వాను, నవ్వక చస్తానా, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఖాయం చేసే సంతకం ఆయనదే, ఆ రెండు రోజులూ నా లెక్క సరైనదే, గాలి పొయ్యి మీంచి వచ్చినట్టే వచ్చింది, ఎవరూ పుల్ల గీయలేదు కాబట్టి ఏదీ కాలలేదు, ఆ ముక్క నేను చెబితే వినేదెవరు, ఏదీ కాలకపోతే నువ్వు తప్పు చెప్పావంటారు, కాలితే ఎందుకు చెప్పలేదంటారు, మధ్యలో నిలబడటానికి నాకు చోటేదీ, లెక్కలో లేని ఎరుపు ఇంకోసారి పెట్టావంటే పైకి రాసి పంపిస్తాను, థర్మామీటరు చెప్పింది రాయి, నీ పెదవులు పగిలాయని రాయకు, అని సెలవు నుంచి తిరిగొచ్చిన రోజే గట్టిగా చెప్పాడు, అప్పుడు నా కింది పెదవి నిజంగానే చిట్లి నెత్తురు వస్తోంది, చూశాడు కాబట్టే ఆ మాట అన్నాడు, చేతిరుమాలు ఇవ్వడానికి చూడలేదు.

తలుపు గొళ్లెం పట్టుకోగానే చిటుక్కున వేలికి కరెంటు కొట్టింది, చలికాలంలో భుజంతో తోస్తే గానీ కదలని తలుపు, ఇప్పుడు చెక్క ఎండి కుంచించుకుపోయి ద్వారబంధానికీ దానికీ మధ్య నా వేలు దూరేంత సందు, వీధిలో లాడ్జీ యజమాని మెట్ల మీద నిలబడి పళ్లు తోముకుంటూ, ఏం పాపా, ఇవాళన్నా మా బతుకు మమ్మల్ని బతకనిస్తావా, అన్నాడు నురగతోనే, పసుపేనండీ అన్నాను, బంగారు తల్లివి, అన్నాడు, దరిద్రం అన్న నోరే అది, పోయిన ఎరుపు రోజున నా వెనకాలే అన్నాడు, నాకు వినపడాలనే అన్నాడు, తల్లీ లేదు బంగారమూ లేదు, కుడివైపు సముద్రం, అన్ని నీళ్లుండి ఏం లాభం, గట్టు దాటి ఒక్క చుక్క ఇవతలికి రాదు, వసంతమట, చలికాలం చివర రెండు చినుకులు రాలి అంతటితో సరి, దారి పక్కన పొదలు పూలు పూయకుండానే ఎండిపోయాయి, కాలి కింద ఆకులు అప్పుడే పగలగొట్టిన పెంకుల్లా పటపటమంటున్నాయి, ఎదురుగా వాలు కనిపిస్తోంది, మా వాలు, కింద అన్నయ్య పడవ ఇంజిన్లు బాగుచేసే షెడ్డు, షెడ్డు వెనక మా ఇల్లు, ఇంటి వెనక నుంచి కొండ భుజం దాకా మోకాలెత్తు గడ్డి, ఏటా ఎండగానే తాత కాల్చేవాడు, నాన్న కాల్చేవాడు, ఇప్పుడు అన్నయ్య, పైన అంటించి సముద్రపు గాలికి ఎదురుగా మంటను మెల్లగా కిందికి దింపుకుంటూ వచ్చి, ఇంటి వెనక తవ్విన మట్టి కట్ట దగ్గర దాన్ని చంపేస్తారు, కాల్చకపోతే వేసవిలో అదే గడ్డి అంటుకుని మన మీదికొస్తుందే, అంటాడు, తెలివితక్కువ మాట కాదు, అదే నా బాధ, తెలివితక్కువవాడైతే క్షమించేసి ఊరుకుందును, సముద్రపు గాలి నిలబడినంతసేపూ ఆ పద్ధతి మంచిదే, కానీ ఈ వసంతంలో పొద్దెక్కేసరికి గాలి తిరగబడి కొండ వైపు నుంచి దిగుతోంది, అలా తిరిగిందంటే మెల్లగా దిగాల్సిన మంట పరుగెత్తుకుంటూ దిగుతుంది, కట్ట ఆపదు, రాత్రి టేబుల్ మీద ఒలికిన నీళ్లతో వేలితో గీసి ఇదంతా చూపించాను, ఇది వాలు, ఇది ఇల్లు, ఇది గాలి, నేను చెబుతుండగానే అన్నయ్య గుడ్డ తీసుకుని ఆ నీళ్లు తుడిచేశాడు, ఇల్లూ వాలూ గాలీ అన్నీ ఒక్క తుడుపులో, తుడవక్కర్లేదండీ, మా ఆడపడుచు ఇంకాస్సేపు చెబితే ఆ నీళ్లే హడలిపోయి ఆరిపోతాయి, అంది వదిన, అమ్మ కూడా నవ్వింది, అమ్మ నవ్వకుండా ఉండాల్సింది, నేను పదో తరగతితో ఆపి స్పానర్ పట్టుకోబట్టే కదా నువ్వు ఇప్పుడు ఈ బొమ్మలు గీస్తున్నావు, అన్నాడు అన్నయ్య, గుడ్డ పిండుతూ, మెల్లగా, అది నిజం, నిజం అన్నందుకే ఆ క్షణాన నాకు కంచం ఎత్తి గోడకు కొట్టాలనిపించింది, కొట్టలేదు, కడిగి బోర్లించాను.

అయినా ఇంత తేమ ఎక్కడిది, అని నడుస్తూ నడుస్తూ ఆగిపోయాను, ఆగాలని ఆగలేదు, జుట్టు దువ్వెనకు అంటుకుని పైకి లేస్తోంది, గుక్క నీళ్లు తాగి రెండడుగులు వేస్తే నాలుక అంగిటికి అతుక్కుంటోంది, ఆకులు పెంకులు, తలుపు సందు, సంతకం గరగర, నా ఒళ్లంతా ఒక మాట చెబుతుంటే ఆ పెట్టెలో థర్మామీటర్లు రెండూ పక్కపక్కనే ఒద్దికగా నిలబడి ఇంకో మాట చెబుతున్నాయి, పెదవులు చెప్పింది రాయకు అన్నాడు, రాయను, కానీ తడిది ఎందుకు చల్లబడలేదు, నీరు ఆవిరైతేనే చల్లబడుతుంది, ఆవిరి కానివ్వనిది ఏమిటి, నాకు తెలుసు, ప్రశ్న వేస్తున్నట్టు నటిస్తున్నాను గానీ నాకు తెలుసు, డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది సార్ అంటే, కుళాయి నీళ్లు పోసెయ్ అమ్మాయ్, నీళ్లు నీళ్లే కదా, అన్నాడు పసుపు సారు, మా కుళాయి నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉంటాయి, బకెట్ అంచుకి తెల్లగా పెచ్చు కడతాయి, ఆయన అన్నాడు గానీ పోసింది నేనే, వత్తికి ఉప్పు పడితే అది నీటిని పట్టుకుని కూర్చుంటుంది, ఆవిరి కానివ్వదు, పొడిగాలి కూడా తేమగాలిలా కనిపిస్తుంది, సముద్రం పక్కన పనిచేసేవాళ్లు వత్తి మీద కన్నేసి ఉంచాలి, అని శిక్షణలో మొట్టమొదటి రోజున చెప్పిన పాఠం, ఇంటికొచ్చి అన్నయ్యకే ఎంత గొప్పగా చెప్పాను, అప్పట్లో వినేవాడు, చేతికి గ్రీజుతో అలాగే కూర్చుని చివరిదాకా వినేవాడు, అయితే వత్తికి కూడా స్నానం చేయించాలన్నమాట, అన్నాడు, ఇద్దరం నవ్వుకున్నాం, అదే వత్తి ఇవాళ పొద్దున నా వేలికి తగిలింది, గంజి పెట్టిన గుడ్డలా బిరుసుగా, ఆ బిరుసు ఇంకా ఈ వేలి చివరనే ఉంది, కొత్త వత్తులు సొరుగులోనే ఉన్నాయి, మార్చి కాసేపు ఆగి మళ్లీ చూస్తే సరిపోయేది, నేను పెట్టె తలుపు మూసేశాను, మెల్లగా, చప్పుడు కాకుండా, ఎవరో చూస్తారన్నట్టు, మూసి ఏమనుకున్నాను, కాల్చుకోనీ, నాకేం, అనుకున్నాను.

బోర్డు స్తంభం మీద చెయ్యి వేస్తే ఇనుము అప్పుడే వెచ్చగా ఉంది, ముల్లు నిన్నటి పసుపు దగ్గరే ఉంది, తిప్పాల్సిన పని కూడా లేదు, ఊరికే వచ్చి ఊరికే వెళ్లిపోవచ్చు, థర్మామీటర్లు చెప్పిందే రాశాను అంటే ఏ పై ఆఫీసరూ నన్నేమీ అనలేడు, ఆ సంగతి పొద్దున్నే లెక్క వేసుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది, దాంతోపాటే ఇంకోటి కూడా, రాత్రంతా పడుకుని నేను చూసింది ఒకే బొమ్మ, వాలు మీంచి మంట దిగుతుంటుంది, షెడ్డు అంటుకుంటుంది, అన్నయ్య రోడ్డు మీద నిలబడిపోయి ఉంటాడు, గుడ్డతో తుడవడానికి ఏమీ ఉండదు, వదిన నవ్వదు, పసుపు సారు చేతులు కట్టుకుని తల వంచుకుని ఉంటాడు, అందరూ నా ముఖం చూస్తారు, చూసి, నువ్వు చెప్పావు కదమ్మా, అంటారు, ఆ ఒక్క ముక్క, ఆ ఒక్క ముక్క కోసం ఎంత బాగా అమర్చుకున్నానో, ఎవరెవరు ఎక్కడెక్కడ నిలబడాలో కూడా, మరి అమ్మ ఏదీ, అమ్మ మంచం వెనక గదిలో, కిటికీ వాలు వైపు, మోకాళ్లు పట్టేసి లేచి నిలబడటానికే గోడ కావాలి, ఆ బొమ్మలో అమ్మను ఎక్కడా పెట్టలేదు, రాత్రి నవ్వినందుకేనా, జేబులో ఫోను అదిరింది, అన్నయ్య, ఏమ్మా మేడం గారూ, ముల్లు తిప్పడానికి కూడా పై నుంచి అనుమతి రావాలా, వాలు పైన నిలబడి ఉన్నాను, గాలి సముద్రం మీంచే ఉంది, చల్లగా ఉంది, పసుపేగా, అన్నాడు, మాటల వెనక అగ్గిపెట్టెలో పుల్లలు గలగలమంటున్నాయి, చేతిలో ఆడిస్తున్నాడు, నాకు మెడ మీద అదే గాలి తగులుతోంది, చల్లగానే ఉంది, నా వైపు సాక్ష్యం చెప్పడానికి చెట్టూ లేదు పుట్టా లేదు, ముల్లు తుప్పు పట్టి మొరాయించింది, రెండు చేతులూ వేసి మధ్యలోని నారింజ రంగు దాటించి చివరికంటా తోశాను, ఎరుపు అన్నాను, గలగల ఆగిపోయింది, లెక్క చూసే చెబుతున్నావా, అన్నాడు, లెక్క పసుపనే వచ్చింది, లెక్క తప్పు, వత్తికి ఉప్పు పట్టింది, అన్నాను, ఎప్పుడు చూశావు, పొద్దున్నే, మరి అప్పుడే మార్చలేదేం, అన్నాడు, అన్నయ్యకి వత్తి సంగతి నేర్పించింది నేనే కదా, మర్చిపోలేదు, నువ్వు కాల్చాలని, అన్నాను, ఆ మాట నా నోట్లోంచే వచ్చింది, అన్నయ్య మొదలుపెట్టాడు, కక్ష, నాకు తెలుసు, రాత్రే చెప్పాను అమ్మకి, నీ చదువంతా నా మీద కక్ష తీర్చుకోవడానికే, ఇంటికి రా చెబుతాను, నీ ఉద్యోగమూ నువ్వూ, తిడుతున్నాడు, తిడుతూనే వాలు దిగుతున్నాడు, ఎండుగడ్డి కాళ్ల కింద విరుగుతున్న చప్పుడు ఫోనులో వినిపిస్తోంది, దిగనీ, తిట్టనీ, ఇవాళ ఏదీ కాలదు, సాయంత్రానికి లాడ్జీవాడు మళ్లీ దరిద్రం అంటాడు, పసుపు సారు పైకి రాస్తాడు, రాత్రికి వదిన నవ్వుతుంది, అమ్మ కూడా నవ్వుతుందేమో, నవ్వనీ, ఎరుపు సరైనదని నేను ఎవరికీ ఎప్పటికీ చూపించలేను, అన్నయ్య మాత్రం రాత్రే పట్టేశాడు, కక్ష అన్నాడు, ఉన్నమాటే అన్నాడు, రంగు ఒక్కటే తప్పు చెప్పాడు, ఎరుపు కాదు, పసుపు.