జట్టుకంతటికీ వదిన

గిన్నెలు తోముతుంటే వెనకనుంచి మొగుడి మాట వినిపించింది.

“ఆ ఉద్యోగం సంగతి ఇక మర్చిపో. గేర్లుగాడు ఫోన్ చేశాడు. ఊళ్ళు తిరగాలట. ఇంటిపనితో నీకు కుదరదని చెప్పేశాను.”

“మీకెందుకు చేశాడండీ? ఇంటర్వ్యూకి వెళ్ళింది నేను కదా!”

“వాడికి నేను అన్నయ్యని. నన్నడక్క ఇంకెవర్ని అడుగుతాడు?”

నిజమే పాపం, ఇంకెవర్ని అడుగుతాడు!

కాలేజీలో రోబో జట్టులో చేరినప్పుడు అందరికీ చేసే పనినిబట్టి పేర్లు పడ్డాయి. గేర్లు బిగించేవాడు గేర్లుగాడు, తీగలకు టంకం పెట్టేవాడు టంకంగాడు. రోబో చెయ్యి ఎలా కదలాలో ప్రోగ్రాం రాసింది ఆమె. తనకీ అలాంటి పేరే ఏదో వస్తుందని ఎదురుచూసింది కూడా. ఈలోగా కెప్టెన్‌కి, అంటే ఇప్పటి మొగుడికి, ఆమె నచ్చిందని జట్టులో పొక్కింది. ఆమె ఊ అనలేదు, ఉహూ అనలేదు. అసలామెని అడిగిందెవరు? తెల్లారేసరికి అందరూ “వదినా” అని పిలవడం మొదలెట్టారు. మొదట్లో ఒళ్ళు మండింది. పోనీలే, సరదాకి అంటున్నారని నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ తనమీద తనకే అసహ్యం.

వదినయ్యాక ఆమె రాసిందంతా అన్నయ్య రాసినట్టే లెక్క. పోటీలో వేదికెక్కి ఆ చెయ్యి గురించి చెప్పింది అన్నయ్య. అది చూసి పెద్ద కంపెనీవాళ్ళు పిలిచి ఉద్యోగమిచ్చింది అన్నయ్యకి. జట్టులో మిగతావాళ్ళని ఒకరి తర్వాత ఒకరిని చెయ్యిపట్టి పైకి లాక్కున్నదీ అన్నయ్యే. ఆమె ఇంట్లో ఉండిపోయింది. “ఒక ఇంట్లో ఒక్క ఇంజనీరు చాలడా అమ్మా?” అనేవారు అత్తగారు, చంటిపిల్లని ఒళ్ళో పడేస్తూ.

మొన్న ఇంటర్వ్యూ గదిలో గేర్లుగాడు లేచి నిలబడి మరీ “రండి వదినా, రండి” అన్నాడు. పక్కనున్న ఇద్దరూ నవ్వి పెన్నులు కింద పెట్టేశారు. ఆ తర్వాత పని గురించి ఒక్క ప్రశ్న లేదు. అన్నయ్య కులాసానా, పాప ఏం చదువుతోంది, మీ చేతి కాఫీ తాగి ఎన్నాళ్ళయింది! గౌరవానికేం లోటు లేదు. రాత్రంతా మేలుకుని చదువుకెళ్ళిన బుర్రతో ఆమె కాఫీ గురించి జవాబు చెప్పి వచ్చింది.

చేతులు తుడుచుకుని బయటికొచ్చేసరికి భోజనాల బల్లమీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. అదీ ఈ ఇంట్లో మామూలే. ఆఫీసులో తెగని చిక్కుముడి సాయంత్రం ఇంటికొస్తుంది, ఆమె విప్పుతుంది, పొద్దున్నే అది ఆయన తెలివిగా మారి ఆఫీసుకి వెళ్తుంది.

“రేపు ఆఫీసులో పెద్దవాళ్ళ ముందు ఈ రోబో చెయ్యి ఆడించి చూపించాలే. వస్తువు పట్టుకోగానే వణికి జారవిడుస్తోంది. ఇది తేలకపోతే నా పని గోవిందా. కాస్త చూడు.”

ఆమె నిలబడే చూసింది. తప్పెక్కడుందో ఇట్టే కనిపించింది. అలవాటుకొద్దీ మాట నోటిదాకా వచ్చింది.

“తెలిసిందా?” ఆత్రంగా అడిగాడు.

“తెలిసింది.”

“హమ్మయ్య! చెప్పు మరి.”

ఆమె ల్యాప్‌టాప్ మూసి అతనివైపు నెట్టింది.

“నీకు చెప్పను.”