టచ్ ఫోను పరీక్ష

మా అమ్మాయి రాణికి చెవులు వినపడవు, మాట రాదు. పుట్టుక నుంచీ అంతే. అలాంటి పిల్లలకు వేరే బడి ఉంటుందని మాకు తెలిసేసరికి దానికి పన్నెండేళ్లు దాటిపోయాయి. అందుకని దాని మాటలన్నీ మా ఇంట్లోనే పుట్టాయి. ముక్కు పక్కన వేలు పెడితే అమ్మ. భుజం మీది తువ్వాలు లాగినట్టు చేస్తే నేను.

ఇప్పుడు దానికి ఇరవై రెండేళ్లు. కొత్తవలసలో సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు వెంకీ కూడా వినపడని పిల్లవాడే. బళ్లో చదువుకున్నాడు, టైలరు పని చేస్తాడు. సైగల భాష వచ్చినవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టచ్ ఫోను అతనికి నిరుడు వచ్చింది. అందులో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ చేతులతో మాట్లాడుకోవచ్చు. రాణికీ ఒకటి వస్తే, పెళ్లయ్యాక పిల్ల ఎలా ఉందో దాన్నే అడగొచ్చు. అత్తగారి నోటి మీదుగా వినక్కర్లేదు. పెళ్లి ఇంక ఇరవై రోజులుందనగా, వినపడదని డాక్టర్లు రాసిచ్చిన సదరం కాగితం పట్టుకుని, బొబ్బిలిలో బస్సెక్కించి విజయనగరం క్యాంపుకు తీసుకెళ్లాను.

అక్కడ సైగల పరీక్ష పెట్టే ఆవిడ పేరు పద్మకుమారి. ఆవిడకు మాటా వచ్చు, సైగలూ వచ్చు. రాణి ఎదురుగా కూర్చుని చేతులు తిప్పింది. నాట్లు వేసే ఆడదాని వేళ్లలాగా ఆ వేళ్లు ఎక్కడా ఆగలేదు. రాణి వాటిని చూసింది, తరవాత నన్ను చూసింది.

"అమ్మాయికి రాదు బాబాయ్."

"వస్తాదమ్మా. ఇంటికాడ మాటాడుకుంతాం గదా."

"ఇంటి సైగలు లెక్కలోకి రావు. రూలు అలాగుంది."

"ఆ ఫోన్లో అది మాటాడేది నాతోటి. రూలుతోటి కాదు గదా."

వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆవిడా నవ్వింది. మామూలుగా నేను అంత మాట అనను.

"సరే, మీరే మాటాడుకోండి. నాను సూస్తాను," అని తన ఫోను రాణి చేతిలో పెట్టి, క్యాంపు ఫోను ఒకటి నాకిచ్చి, గేటు దాకా వెళ్లమంది.

గేటు దగ్గర ఫోను మోగింది. అక్కడి కుర్రాడెవరో నొక్కి ఇచ్చాడు. చెవికి పెట్టుకున్నాను. చెవిలో పద్మకుమారి గొంతు పలికింది.

"సెవి కనిపిస్తన్నాది బాబాయ్. మొహం సూపించు."

ఆగి ఉన్న ఒక మోటారుసైకిలు అద్దానికి ఫోను ఆనించాను. తెర మీద రాణి ఉంది. చిన్నదిగా కనిపించింది. అన్నం తిన్నావా అని అడగబోయాను, కానీ గంట కిందటే ఇద్దరం కలిసి ఇడ్లీ తిన్నాం. పెళ్లి కుదిరిన దగ్గర్నుంచీ ఎదురుగా ఉండి అడగలేకపోయినది, అంత దూరాన ఉండి అడిగేశాను. గుండె మీద పిడికిలి ఆడించాను. భయమా అని.

అది కూడా పిడికిలి గుండె మీద పెట్టుకుంది. రెండు వేళ్లు కత్తెరలా ఆడించింది. అంటే వెంకీ. అతని చేతులు గబగబా తిరగడం చూపించింది. తన కళ్ల మీద అరచెయ్యి కప్పుకుంది, ఒక్కటీ తెలియట్లేదని.

పెళ్లిచూపుల నాడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని నవ్వుకున్నారు. ఇద్దరూ ఒకలాంటివాళ్లే, కలిసిపోతారు అనుకున్నాం. అతను బడి సైగలవాడు, ఇది మా ఇంటి సైగలది. ఆ రోజు వాళ్లకి ఒక్క మాటా కలవలేదని అన్నేళ్లు దానితో మాట్లాడిన నాకే తట్టలేదు.

లోపలికి వచ్చాను.

"ఏటంది?" అని అడిగింది పద్మకుమారి.

పెళ్లి సంగతీ కలిపి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ దరఖాస్తు పక్కన పెట్టింది.

"సైగలొచ్చని ఇప్పుడు రాయలేను బాబాయ్. శనివారం శనివారం ఇక్కడే క్లాసు సెప్తాను. పెళ్లయినా మానొద్దు, ఆ అబ్బాయినే రైలెక్కించి తెమ్మను. మూడు నెలలు నేర్సుకుంటే నానే రాసి ఫోను ఇప్పిస్తాను."

"మంచిదమ్మా."

"నువ్వూ రావాల. అది కొత్త మాటలు నేర్సుకుని, నీకాడ పాతవే ఉండిపోతే, ఫోనుండి ఏటి లాభం?"

కొత్తవలస నుంచి రైలు. బొబ్బిలి నుంచి బస్సు. రెండూ ఈ ఊరికే వస్తాయి. అది నాకు అప్పుడు వెలిగింది.

మా ఊరి సంత శనివారం. నెత్తి మీద గంప పట్టుకున్నట్టు చేసి, నువ్వు, నేను, ఈ గది అని రాణికి చూపించాను. మళ్లీ గంప, మళ్లీ గంప. అది నా మొహంలోకి చూసి, ఎన్ని సంతలు అని అడిగింది.

పది వేళ్లూ విప్పాను. మూసి మళ్లీ విప్పాను. మూడోసారి విప్పబోతుంటే పద్మకుమారి ఆపింది.

"పన్నెండే బాబాయ్. మూడు నెలలకి పన్నెండు."

"నాది మందబుర్రమ్మా," అన్నాను. "ఇంకా శానా పడతాది."